గాలి మారితే పంటకు ఏమవుతుంది?

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మీటింగు పెట్టడానికి కారణం రెండు మాటలు. ఊళ్లల్లో తిరుగుతుంటే మొదటి మాట ప్రతిచోటా వినబడ్డది. "విత్తనం అదే, మందు బస్తాలు అవే, బోరు నీళ్లు అవే, పూత మాత్రం నిలబడుతలేదు" అన్నారు. టమాటకు అదే మాట, పత్తికి అదే మాట. రెండో మాట ఒక చదువుకున్న పిల్లవాడు అన్నాడు. ఫోన్ తీసి చూపించి, "గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్టుకు అది తిండేనట గదా, దిగుబడి పెరుగుతుందట గదా, మరి మీరెందుకు గగ్గోలు పెడుతున్నారు?" అని అడిగాడు.

ఆ పిల్లవాడి మాటను కొట్టిపారేయలేకపోయాం. అది పూర్తి అబద్ధం అయితే పీడ పోయేది. సగం నిజం. సగం నిజంతోనే రైతు ఎప్పుడూ మోసపోతాడు. బీటీ పత్తి వచ్చిన కొత్తలో పురుగు మందే అవసరం లేదన్నారు, గుర్తుంది కదా. అందుకే ఈ సంగతి మీద పనిచేసిన శాస్త్రవేత్తలు ఏం చూశారో తెలుసుకుందామనుకున్నాం. చాలా దూరం పోవలసిన పని పడలేదు. ఈ పరిశోధనలో పెద్ద భాగం మన రంగారెడ్డి జిల్లా నేల మీదే జరిగింది.

ముందు గాలి లెక్క చెప్పుకుందాం. బొగ్గు, పెట్రోలు విరివిగా కాల్చడం మొదలుకాక ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. హవాయి దీవుల్లో ఒక కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. 2024లో సగటున 424 దాటింది. మన తాతలు దున్నిన నేలనే మనం దున్నుతున్నాం గానీ, వాళ్ల పంట పీల్చిన గాలి వేరు, మన పంట పీల్చే గాలి వేరు. ఈ పెరుగుదలలో మన వాటా ఎంత అంటే, భారతదేశంలో తలసరి ఏటా సుమారు 2 టన్నులు, అమెరికాలో దానికి ఏడు రెట్లు. ఎవరో పొయ్యి వెలిగించారు, పొగ మాత్రం అందరి ఇంట్లోకి వచ్చింది.

పంట ఈ గాలిని ఎలా వాడుకుంటుంది? ఆకు అడుగున కంటికి కనబడని రంధ్రాలుంటాయి. అవి తెరుచుకుంటే గాలి లోపలికి పోతుంది, అదే దారిలో నీరు ఆవిరై బయటికి వస్తుంది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే చెట్టు రంధ్రాలు కొంచెం మూసుకొని కూడా తిండి చేసుకోగలదు. నీరు కొంత మిగులుతుంది. అయితే అన్ని పంటలకూ ఒకే లాభం రాదు. వరి, పత్తి, కంది, పెసర, మినుము, ఆముదం, టమాట, క్యారెట్ ఒక జాతి. వాటి ఆకులో వాయువును పట్టుకునే ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ను కూడా పట్టుకొని చేసిన తిండిలో కొంత దండగ చేస్తుంది. వాయువు పెరిగితే ఆ దండగ తగ్గుతుంది. మక్కజొన్న, జొన్న, సజ్జ, చెరకు మరో జాతి. అవి ఆకు లోపలే వాయువును కూడగట్టుకునే ఏర్పాటు ముందే చేసుకున్నాయి. అందుకని వాటికి కొత్తగా ఒరిగేది తక్కువ. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో బహిరంగ పొలంలో మక్కకు ఈ వాయువు పెంచి చూస్తే, వానలు సరిగ్గా పడ్డ ఏడు దిగుబడిలో తేడా ఏమీ రాలేదు. కరువు తగిలితేనే కొంత ఆదుకుంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉంది. అందరూ క్రిడా అంటారు. 1985లో పెట్టారు. హయత్‌నగర్‌లో, గునేగల్‌లో దానికి పొలాలున్నాయి. మన జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని నడిపేది కూడా ఆ సంస్థే. అక్కడ మద్ది వనజ గారు అనే పంట శరీరధర్మ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క ప్రశ్న మీదే పనిచేశారు. నలువైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కట్టి, పైకప్పు లేని గదులు కట్టారు. పైనుంచి ఎండ, వాన మామూలుగానే పడతాయి. కింద నుంచి గొట్టాలతో కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. ఒక గదిలో మామూలు గాలి, ఒక గదిలో 550 పాళ్లు, ఇంకో గదిలో 700 పాళ్లు. అంటే మన పిల్లల కాలంలో, మనవల కాలంలో ఉండబోయే గాలిలో ఈనాడే పంట పండించి చూశారన్నమాట. మనకు ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు గానీ, విత్తినప్పటి నుంచి కోసేదాకా గాలిలోని పాళ్లు తప్పకుండా చూడడం ఎంత పనో, రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర పడిగాపులు పడ్డవాళ్లకు తెలుస్తుంది.

వాళ్లు మెట్ట పంటలే తీసుకున్నారు. మినుము, కంది, ఆముదం, పొద్దుతిరుగుడు, వేరుశనగ. ఆ గదుల్లో పంట నిజంగానే ఏపుగా పెరిగింది. కంది, మినుముల్లో గింజ దిగుబడి కూడా పెరిగింది. కందిలో ఒక మంచి సంగతి కనబడ్డది. కట్టె పెరిగిన పాళ్ల కంటే గింజ ఎక్కువ పాళ్లలో పెరిగింది. పప్పుజాతికి వేరు బుడిపెల్లో బ్యాక్టీరియా ఉంటుంది. ఆకులో తిండి ఎక్కువ తయారైతే వేరుకు ఎక్కువ పోతుంది, ఆ బ్యాక్టీరియా నత్రజనిని ఎక్కువ పట్టిస్తుంది. బయటి నుంచి యూరియా అడగకుండానే లెక్క సరిపోతుంది. అందుకే చెబుతున్నాం, పత్తిలో కంది సాళ్లు వేసుకునే పాత అలవాటును వదులుకోకండి. పత్తి పోయిన ఏడు కంది ఇల్లు గడిపిన సంగతి ఇక్కడున్న పెద్దవాళ్లకు మేము చెప్పనక్కరలేదు.

ఫోన్‌లో ఆ పిల్లవాడు చూసింది ఇంతవరకే. ఇక్కడ ఆగిపోతే వాయువు కంపెనీవాడి ప్రచారం అవుతుంది. హాలెండ్ దేశంలో గాజు ఇళ్లలో టమాటకు ఈ వాయువును పైపులతో పెడతారు, వెయ్యి పాళ్ల దాకా. దిగుబడి పెరుగుతుంది, నిజమే. అక్కడ వేడి వాళ్ల చేతిలో ఉంటుంది, నీరు వాళ్ల చేతిలో ఉంటుంది, ఎరువు చుక్కల లెక్కన పోతుంది, పురుగు లోపలికి రాదు. మన మొయినాబాద్‌లో పాలీహౌస్‌లు వేసి జర్బెరా, గులాబీ పెంచుతున్నవాళ్లు కూడా అంత చేయలేరు. ఇక బహిరంగ పొలం సంగతి వేరే చెప్పాలా?

అదే క్రిడాలో ఎం. శ్రీనివాసరావు గారు అనే కీటక శాస్త్రవేత్త ఇంకో పని చేశారు. ఆ 550, 700 పాళ్ల గదుల్లో పెరిగిన ఆముదం ఆకులు కోసి పురుగులకు పెట్టారు. ఆముదం దాసరి పురుగు, పొగాకు లద్దె పురుగు. ఈ రెండో దాని పేరు వింటేనే మన క్యాబేజీ రైతులకు, వేరుశనగ రైతులకు కడుపు మండుతుంది. ఏం తేలింది? వాయువు ఎక్కువైన గదిలో ఆకు పెద్దదే, కానీ ఆకులో నత్రజని తగ్గింది, పిండి పదార్థం పాలు ఎక్కువైంది. పలుచని మజ్జిగ లాంటిదనుకోండి, గ్లాసు నిండుగానే ఉంటుంది, సత్తువ ఉండదు. పురుగుకు కావలసిన మాంసకృత్తు ఆ ఆకులో చాలలేదు. అందుకని అది ఎక్కువ ఆకు తిన్నది. పెరగడానికి ఎక్కువ రోజులు తీసుకున్నది, ఆ రోజులన్నీ తింటూనే ఉన్నది. వేరుశనగ మీద పొగాకు లద్దె పురుగుతో చేసినప్పుడు కూడా ఇదే దారి కనబడ్డది.

ఇది మన పెట్టుబడి లెక్కలోకి ఎలా వస్తుందో చూడండి. చేను పచ్చగా, గుబురుగా కనబడుతుంది. పురుగు మాత్రం మునుపటికంటే ఎక్కువ తింటుంది. రైతు ఏం చేస్తాడు? దుకాణానికి పోతాడు. మందు మారుస్తాడు, డోసు పెంచుతాడు. దుకాణంవాడు చెప్పిన మందే, చెప్పిన ధరకే, అరువు మీద. పెరిగిన ఆకు పురుగు పాలు, పెరిగిన ఖర్చు రైతు పాలు. ఈ కోణం ఆ ఫోన్ వీడియోలో ఎక్కడా లేదు.

ఆకులో నత్రజని తగ్గితే యూరియా ఇంకో బస్తా చల్లితే పోదా అని మీలో కొందరు అనుకుంటున్నారు, ముఖాలు చూస్తే తెలుస్తుంది. అది తెలివైన పని కాదు. ఒక్కసారే ఎక్కువ వేస్తే మొక్క లేతగా తయారై రసం పీల్చే పురుగును రమ్మని పిలుస్తుంది. వానకు సగం కొట్టుకుపోతుంది. వేసే యూరియానే రెండు మూడు సార్లుగా, తడి ఉన్నప్పుడు, మొదలు దగ్గర వేయండి. పశువుల ఎరువు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మన దిక్కు పశువులే తగ్గిపోయాయి, అది వేరే బాధ.

సరే, వాయువు ఒక్కటే పెరిగితే ఇదీ సంగతి. కానీ గాలిలో వాయువు ఒంటరిగా పెరగదు, వేడిని వెంటబెట్టుకొని వస్తుంది. దేశంలో 2011లో నిక్రా అనే వాతావరణ వ్యవసాయ పథకం మొదలైంది, దాన్ని నడిపించేది కూడా క్రిడానే. ఆ డబ్బుతో హయత్‌నగర్ పొలంలో ఇంకో ఏర్పాటు చేశారు. గోడలు లేని బహిరంగ మడులు, చుట్టూ వేడి కిరణాలు వదిలే హీటర్లు. చేను పైన వేడిని బయటికంటే 3 డిగ్రీలు ఎక్కువగా ఉంచుతారు. కొన్ని మడుల్లో వేడి ఒక్కటే, కొన్నింటిలో వేడితోపాటు 550 పాళ్ల వాయువు. వనజ గారి బృందం అందులో మక్కజొన్న వేసింది. మనకు తెలిసిన డీహెచ్ఎం 117 కూడా అందులో ఉంది. వేడి పెంచిన మడిలో గింజ తగ్గింది. వేడితోపాటు వాయువు కూడా ఇచ్చిన మడిలో ఆ నష్టం కొంత పూడింది. ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా కూడా గట్టిగానే ఉంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మక్కకైతే కొంతైనా పూడింది. మన అసలు బాధ పత్తి. పత్తి సంగతి తెలుసుకోవాలంటే అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి పోవాలి. అక్కడి విశ్వవిద్యాలయంలో మన తెలుగు శాస్త్రవేత్త కె. రాజారెడ్డి గారు దశాబ్దాలుగా పత్తి మీద పనిచేశారు. ఎండ లోపలికి వచ్చే పారదర్శకమైన గదులు, కింద మట్టి నింపిన తొట్లు. వేడి, నీరు, వాయువు దేనికదే మార్చి చూడవచ్చు. ఆయన బృందం 1990ల నుంచి చూపించింది ఏమిటంటే, పత్తికి పగలు 30, రాత్రి 22 డిగ్రీలు హాయి. అంతకుమించి పోయేకొద్దీ కాయ నిలవడం తగ్గుతుంది. పగలు 40, రాత్రి 32 చేసిన గదిలో గూడ, పిందె దాదాపు అంతా రాలిపోయింది. చెట్టు మాత్రం చావలేదు, కొమ్మలు వేసింది, ఆకు వేసింది. అప్పుడు వాయువును రెట్టింపు చేసి చూశారు. చెట్టు ఇంకా పెరిగింది. రాలే కాయ మాత్రం ఆగలేదు.

చేను పచ్చగా ఉండి కాయ లేని పత్తిని మీరు చూశారా? చూశారు. అప్పుడు మీకు ఏమని చెప్పారు? యాజమాన్యం సరిగా లేదన్నారు. నీరు ఎక్కువైందన్నారు, తక్కువైందన్నారు. పిందె రాలకుండా అని హార్మోను మందు ఒకటి చేతిలో పెట్టారు. ఆ తప్పు మీది కాకపోవచ్చు. పూతకు వచ్చిన వారం పది రోజుల్లో పడిన వేడి ఆ పని చేసి ఉండవచ్చు. వాన కరువైనా, తడి ఎక్కువైనా కూడా పిందె రాలుతుంది, కాదనం. కానీ వేడి అనే మూడో కారణం ఉందని రైతుకు చెప్పకుండా మందు అమ్మడం అన్యాయం.

టమాటకు వద్దాం. చేవెళ్ల మార్కెట్టు అంటేనే టమాట, క్యారెట్, పూలు. ఇక్కడ పగటి ఎండ గురించే అందరం మాట్లాడుకుంటాం, 40 దాటింది, 42 దాటింది అని. టమాట పూతను దెబ్బతీసేదాంట్లో రాత్రిది పెద్ద చేయి. రాత్రి వేడి 21 డిగ్రీలు దాటి పోతున్నకొద్దీ పిందె పట్టడం తగ్గుతుంది. పగలు 35 దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది. రాత్రి చల్లబడకపోతే చెట్టు పగలు సంపాదించింది రాత్రి ఊపిరి తీసుకోవడానికే ఖర్చు చేసుకుంటుంది. కూలి డబ్బులు వచ్చిన రాత్రే అయిపోయినట్టు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తన పొలంలో 1992 నుంచి 2003 దాకా లెక్కలు తీసి, యాసంగి వంటి ఎండాకాలపు పంటలో రాత్రి వేడి 1 డిగ్రీ పెరిగితే వరి దిగుబడి 10 శాతం పడిపోయిందని 2004లో చెప్పింది. పత్రికల్లో, టీవీల్లో పగటి ఎండ పెద్ద అక్షరాలతో వేస్తారు. రాత్రి ఎంత ఉందో వెతికితే గానీ దొరకదు.

మన నేలలు రాత్రిళ్లు చల్లబడకపోవడానికి దూరంలో ఉన్న కారణాలు కొన్ని, దగ్గరివి కొన్ని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో 111 జీవో తెచ్చారు, 84 గ్రామాలకు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో దాని ఆంక్షలు సడలించారు. ఆ జీవో వల్ల భూమి విలువ పెరగలేదని బాధపడ్డ రైతులు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్ల బాధ కూడా న్యాయమైనదే. కానీ చేను పోయి ఫామ్‌హౌస్ గోడ, సిమెంటు, తారు వస్తే పక్క చేనుకు తగిలే వేడి మారుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు వెంట నిలబడ్డ మర్రిచెట్ల సంగతి కూడా అంతే. రోడ్డు కావాలి, ఆ రోడ్డు మీద మనవాళ్లే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. చెట్టు ఉండగా రోడ్డు వేసే దారి చూడమనే అడుగుతున్నాం.

గాలిలో మార్పు అంటే ఒక వాయువూ, వేడీ మాత్రమే కాదు. గాలి దాహం కూడా పెరుగుతుంది. వేడి గాలి ఎక్కువ తేమను లాగుతుంది. మధ్యాహ్నం పూట చేను వాడిపోయినట్టు కనబడి సాయంత్రం తేరుకోవడం చూస్తాం కదా, నేలలో తడి ఉన్నా గాలి లాగే వేగానికి వేరు అందించలేకపోవడం వల్ల అలా అవుతుంది. పక్కనే పటాన్‌చెరులో, 1972లో పెట్టిన ఇక్రిశాట్‌లో, విన్సెంట్ వాడెజ్ అనే శాస్త్రవేత్త బృందం దీని మీద పనిచేసింది. పెద్ద పెద్ద గొట్టాల్లో మట్టి నింపి, ఒక్కొక్క మొక్క ఎంత నీరు తాగిందో తూకం వేసి చూశారు. సజ్జ, జొన్న, శనగల్లో కొన్ని రకాలు మధ్యాహ్నం గాలి పొడిబారినప్పుడు ఆకు రంధ్రాలు ముందే మూసుకుంటాయి. ఆ పూట తిండి కొంచెం తగ్గినా, మిగిలిన నీరు గింజ పాలు పోసుకునే రోజులకు అక్కరకొస్తుంది. గింజ పట్టే వేళ ఒక్క తడి ఎంత విలువైనదో మెట్ట రైతుకు తెలుసు. అలాంటి గుణం ఉన్న రకాలు విత్తనంగా మన చేతికి రావడంలో ఆలస్యం ఎందుకని అడగవలసి ఉంది.

ఇంకొకటి ఓజోన్. ఆకాశంలో పైన ఉండే ఓజోన్ పొర మనల్ని కాపాడుతుంది. నేల మీద ఉండేది విషం. వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ ఎండకు ఉడికి ఓజోన్ అవుతుంది. ఆకు రంధ్రంలోంచి లోపలికి పోయి కణాలను కాలుస్తుంది. ఆకు మీద చిన్న చిన్న మచ్చలు పడతాయి, తెగులనుకొని మందు కొడతాం. కొన్నిసార్లు మచ్చ కూడా ఉండదు, ఆకు తొందరగా పండిపోతుందంతే. పుణెలోని శాస్త్రవేత్తలు, అమెరికాలో పనిచేస్తున్న వి. రామనాథన్ గారు కలిసి 2014లో ఒక లెక్క ఇచ్చారు. 2005 ఒక్క సంవత్సరంలోనే దేశంలో ఓజోన్ వల్ల 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి పోయిందని, అది 9 కోట్ల 40 లక్షల మంది తిండికి సరిపోయేదని. పత్తికి కూడా దాని దెబ్బ ఉందని అదే లెక్కలో ఉంది. ఓజోన్ పుట్టేది నగరం పొగలోంచి, చేరేది మాత్రం తరచుగా నగరం పొలిమేరలు దాటిన పచ్చని చేలలోకి. చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది. హైదరాబాద్‌కు పడమట ఉన్నది ఎవరు? మనమే. గాలి కొలిచే యంత్రాలు నగరంలో పెట్టారు, మనుషుల ఊపిరి కోసం. మంచిదే. యాసంగి పంట ఉన్న మొయినాబాద్‌లోనూ చేవెళ్లలోనూ ఓజోన్ కొలవాలని మనం అడగాలి.

తినే గింజ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాం. 2014లోనే నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, 550 పాళ్ల దగ్గర పండించిన గోధుమలో జింకు 9 శాతం, ఇనుము 5 శాతం తగ్గాయి. వరిలో మాంసకృత్తులు దాదాపు 8 శాతం తగ్గాయి. రేషన్ బియ్యం మీద బతికే మన కూలీల ఇళ్లల్లో, రక్తం తక్కువున్న మన ఆడబిడ్డలకు ఇది చిన్న లెక్క కాదు. జొన్న, సజ్జల మీద ఈ దెబ్బ తక్కువ. మన అవ్వలు జొన్నరొట్టె విడిచిపెట్టలేదు, మనం విడిచిపెట్టాం.

ఇప్పుడు మనం అడగవలసినవి. ఇక్కడ మేము శాస్త్రవేత్తలం కాదు, రైతులం, కొంచెం కటువుగానే మాట్లాడతాం.

హయత్‌నగర్‌లో వేడి మడుల్లో రకానికీ రకానికీ తేడా వచ్చిందని ఇందాక చెప్పాం. అది ప్రభుత్వ డబ్బుతో తేలిన సంగతి. మరి విత్తన ప్యాకెట్టు మీద మొలక శాతం ఉంటుంది, జన్యు శుద్ధత ఉంటుంది, ఈ రకం ఎంత వేడిలో పూత నిలుపుకుంటుందో ఎందుకు ఉండదు? పత్తి హైబ్రిడ్లు దుకాణంలో వరసబెట్టి ఉంటాయి, బొమ్మలు మాత్రం మెరుస్తుంటాయి. ఏ కంపెనీ రకమైనా అమ్మకానికి అనుమతి ఇచ్చే ముందు వేడి పరీక్షకు పెట్టి, ఫలితం తెలుగులో వేయించాలి.

రెండోది నష్టపరిహారం. మన రాష్ట్రం 2020 వానాకాలం నుంచి ఫసల్ బీమా నుంచి బయటికి పోయింది. బీమా ఏ రూపంలో ఉన్నా, వాన పడలేదు, వరద వచ్చింది, వడగళ్లు పడ్డాయి అంటేనే నష్టం కంటికి కనబడుతుంది. వేడికి పూత రాలితే చేను పచ్చగా నిలబడే ఉంటుంది. వచ్చిన అధికారి ఫోటో తీసుకొని, పంట బాగుందని రాసుకొని పోతాడు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామని చెప్పింది. మనం స్వాగతించాం. మనిషిని చంపే ఎండ పంటకు విపత్తు కాకుండా ఎలా పోతుంది? పూత సమయంలో పగటి వేడి, రాత్రి వేడి ఫలానా హద్దు దాటితే ఫలానా పంటకు ఇంత అని ముందే రాసిపెట్టాలి. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, రాత్రి లెక్క వాటిలో నమోదవుతూనే ఉంది. ఆ లెక్కను గ్రామ పంచాయతీ గోడ మీద రాయడానికి ఖర్చేముంది?

మూడోది కౌలు రైతులది. మొయినాబాద్ చుట్టుపక్కల భూమి ఒకరి పేరున, సేద్యం ఇంకొకరి చేతిలో. పరిహారం వచ్చినా పాస్‌బుక్కు ఉన్న నగరం మనిషి ఖాతాలో పడుతుంది. మొయినాబాద్ మండలంలో రెండెకరాలు కౌలుకు తీసుకొని టమాట వేసిన ఒక అక్క మాతో అన్నది, "పూత రాలింది నా చేనులో, ఏడ్చింది నేను, పైసలు వస్తే సంతకం ఆయనది" అని. దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది. సాగు చేసేవారి పేరు నమోదు కాకుండా ఏ శాస్త్రం చెప్పినా ఆ అక్క దాకా రాదు.

ఇవన్నీ అడగాలంటే మన దగ్గర రుజువు ఉండాలి. నోటితో చెబితే, రైతులు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారంటారు. అందుకని సంఘం ఒక పని పెట్టుకున్నది. వచ్చే వానాకాలం నుంచి రెండు మండలాల్లో ముందుకొచ్చిన రైతులకు ఒక్కొక్క నోటు పుస్తకం, పగటి రాత్రి వేడి రెండూ చూపించే ఒక థర్మామీటరు ఇస్తాం. థర్మామీటరు ఎండలో పెట్టొద్దు, చేను గట్టున నీడలో, మనిషి ఛాతీ ఎత్తున కట్టండి. పొద్దున్నే రెండు లెక్కలు రాయండి. పత్తి, టమాట వేసినవాళ్లు చేనులో పది మొక్కలకు గుర్తుగా రంగు గుడ్డ కట్టుకొని, వారానికోసారి ఎన్ని పూలు, ఎన్ని పిందెలు, కింద ఎన్ని రాలాయో లెక్కపెట్టండి. ఎప్పుడు తడి ఇచ్చారో, ఎప్పుడు మందు కొట్టారో అదే పేజీలో రాయండి, లేకపోతే రాలింది వేడికా నీటికా అని వాళ్లు మనల్నే అడుగుతారు. చదువు రానివాళ్ల పుస్తకం ఇంట్లో బడికి పోయే పిల్లలు రాస్తారు. ఫోన్ చూపించిన ఆ పిల్లవాడు మా ఊరి పుస్తకాలు నేను రాస్తానని ముందుకొచ్చాడు.

పేర్లు ఇవ్వదలచినవాళ్లు మీటింగు అయినాక వెనక బల్ల దగ్గర రాయించండి. కౌలు రైతుల పేర్లు ముందు రాస్తాం. పుస్తకాలు మొదలయ్యాక, పత్తి పూతకు వచ్చే ముందు, ఊరికి ఇద్దరు చొప్పున హయత్‌నగర్ పొలానికి పోయి ఆ గదులు, ఆ మడులు చూసి రావడానికి సంస్థవారిని అనుమతి అడుగుతాం. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలని సంఘం తీర్మానించింది. వేడికి పూత రాలడం ముందుగా చూసేది కలుపు తీసే చేతులే.